పాత కాటన్ బట్టలకు కొత్త రంగు: కరక్కాయ, దానిమ్మ తొక్క, అన్నభేది (ప్రాజెక్టు డైరీ)

సెకండ్ హ్యాండ్ కాటన్ బట్టలకు ఇంట్లోనే, గ్యాస్ పొయ్యి మీద, మూలికల కొట్లో దొరికే సరుకుతో రంగు వేస్తున్నాను. (అన్నభేది అంటే ఇనుము ఉన్న లవణం, ఫెర్రస్ సల్ఫేట్.) ఇదే పని చేయాలనుకునేవాళ్లు కొలతలు నేరుగా వాడుకోవచ్చు. ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో తెలిస్తే వాళ్ల బట్ట, గ్యాసు మిగులుతాయి. ఊరు విజయవాడ. ఊరి పేరు ఎందుకు చెబుతున్నానంటే, ఈ పనిలో నీళ్లు కూడా ఒక రంగు సరుకే. దాని గురించి దశ 5లో.

దశ 1: బట్టల ఎంపిక, తూకం

పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె మా వీధికి వస్తుంది. ఆమె మూటలోంచే ఏరుకున్నాను. సగం బట్టలకు లేబుల్ ఉండదు. ఆమె మాత్రం వేళ్ల మధ్య నలిపి చెప్పేస్తుంది. ఒక తెల్ల చొక్కా తీసి పక్కన పెడితే, "అది మిక్సమ్మా, నలిపి చూడు, మడతే నిలవదు" అంది. "తెలుసుకోడానికే తీసుకుంటానక్కా" అని దాన్నీ తెచ్చాను. నిప్పు పరీక్షలో ఆమె మాటే నిజమైంది.

నిప్పు పరీక్ష ఇలా:

1. లోపలి కుట్టు అంచు నుంచి నిలువు పోగులు కొన్ని, అడ్డ పోగులు కొన్ని విడివిడిగా లాగాలి.
2. పట్టకారుతో పట్టుకుని, సింక్ పైన, అగ్గిపుల్లతో అంటించాలి.
3. కాగితం కాలిన వాసన వచ్చి, నలిపితే మెత్తటి బూడిద అయితే కాటన్. విస్కోస్ కూడా ఇలాగే కాలుతుంది, అదీ రంగు పడుతుంది.
4. కరిగి ముడుచుకుని గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్ కలిసినట్టు. ఈ రంగులేవీ పాలిస్టర్‌కు పట్టవు.

ఎండిన బట్టల తూకం (గ్రాముల్లో):

- తెల్ల కుర్తా 260
- మీగడ రంగు పొట్టి చేతుల చొక్కా 190
- లేత నీలం చొక్కా 210
- తెల్ల చున్నీ 120
- పిల్లల లాల్చీ 110
- దిండు గలీబుల జత 150
- లంగా 230 (దీన్ని నమూనా ముక్కలుగా కోయడానికే)
- మిక్స్ చొక్కా 180

ఈ తూకం తప్పనిసరి. సోడా, కరక్కాయ, పటిక, రంగు అన్నీ ఎండు బట్ట బరువులో ఇంత శాతం అని లెక్క. నీళ్లు ఎన్ని పోసినా ఆ లెక్క మారదు.

సామాను: గ్రాములు చూపించే వంటింటి త్రాసు 350, థర్మామీటర్ 250, పాత సామాన్ల కొట్లో 20 లీటర్ల స్టీలు గిన్నె 900. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. ఇనప గిన్నె అయితే రంగుల్ని నల్లబరుస్తుంది. ఈ గిన్నెలో మళ్లీ వంట చేయకూడదు, గరిటె కూడా వేరే ఉండాలి.

*ఇప్పటిదాకా: బట్ట 1,450 గ్రా. ఖర్చు రూ. 1,820 (బట్టలు 320, సామాను 1,500).*

దశ 2: మురికి, గంజి వదిలించడం

మామూలుగా ఉతికిన కుర్తా మీద నీటి చుక్క వేశాను. చుక్క ఇంకకుండా పూసలా నిలబడింది. పైకి మెరిసేంత తెల్లగా ఉన్నా, పోగుల్లో గంజి, బట్టలు మెత్తబడటానికి వాడే లిక్విడ్ పేరుకుని ఉన్నాయని అర్థం. నీళ్లే దిగని చోట రంగు ఎలా దిగుతుంది? లంగాలోంచి కోసిన ఒక ముక్కను శుభ్రం చేయకుండా, ఇంకో ముక్కను చేసి, ఒకే రంగులో ఉడికించి చూశాను. మొదటిది మచ్చలు మచ్చలుగా వచ్చింది.

పద్ధతి:

1. గంజి బట్టల్ని ముందురోజు రాత్రి మామూలు నీళ్లలో మునిగేలా నానబెట్టాలి. తెల్లారేసరికి నీళ్లు జిగురుగా, కాస్త పులిసిన వాసనతో ఉంటాయి. గంజి వదులుతోందన్న గుర్తు అదే. బాగా జాడించాలి.
2. 100 గ్రాముల బట్టకు 2 గ్రాముల బట్టల సోడా, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, బట్ట తేలిగ్గా తిరిగేన్ని నీళ్లు పోసి గంటసేపు ఉడకబెట్టాలి.
3. వేడి నీళ్లతోనే జాడించి, తర్వాత చల్లటి నీళ్లతో జాడించాలి.
4. ఆరాక మళ్లీ నీటి చుక్క వేయాలి. తాకగానే ఇంకాలి.

కుర్తా నుంచి దిగిన నీళ్లు టీ డికాక్షన్ రంగులో వచ్చాయి. దానికి సోడా ఉడుకు రెండోసారి అవసరమైంది. ఆరాక తూచితే 251 గ్రాములే ఉంది. తగ్గిన తొమ్మిది గ్రాములూ గంజీ జిడ్డూ. తేడా చిన్నదే కాబట్టి ముందు లెక్కలు మార్చలేదు.

మీగడ రంగు చొక్కా జేబు దగ్గర పసుపు మరక ఉంది. సోడా నీళ్లలో అది కుంకుమలా ఎర్రబడింది. కంగారు పడక్కర్లేదు, క్షారం తగిలితే పసుపు అలాగే మారుతుంది. జాడించి డాబా మీద ఎండలో వేస్తే మరక పూర్తిగా పోయింది. పసుపు ఎండకు నిలవదు. బట్టలకు పసుపుతో రంగు వేయమనే సలహా నేనెవరికీ ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇదే.

*ఇప్పటిదాకా: సోడా 60. ఖర్చు రూ. 1,880.*

దశ 3: కరక్కాయ

కాటన్‌కు పటిక నేరుగా పెద్దగా పట్టదు. కరక్కాయలోని వగరు పోగును పట్టుకుంటుంది, ఆ వగరును పటిక పట్టుకుంటుంది, పటికను రంగు పట్టుకుంటుంది. ఈ వరుస పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ కలంకారీ పనివాళ్లు తరాలుగా చేస్తున్నదే. శ్రీకాళహస్తిలో కరక్కాయ నీళ్లలో గేదె పాలు కూడా కలుపుతారు, కలంతో గీసిన గీత పక్కకు పాకకుండా ఉండటానికి. మనం బట్టనంతా ఒకే రంగులో ముంచుతున్నాం, గీతలు లేవు కాబట్టి పాలు అవసరం లేదు.

లంగా ముక్కల మీద పరీక్ష: కరక్కాయ లేకుండా పటిక మాత్రమే పెట్టిన ముక్క రెండు ఉతుకులకే వెలిసిపోయింది. 10 శాతం కరక్కాయ పెట్టింది కొంత నయం. 20, 30 శాతాల మధ్య తేడా కంటికి కనబడలేదు. కాబట్టి 20 శాతమే ఖాయం చేశాను.

మూలికల కొట్లో గింజ తీసేసిన పెచ్చులు అరకిలో 180 రూపాయలు. గింజతో ఉన్న కాయ చౌక, కానీ మనకు పనికొచ్చేది పెచ్చే. దంచి మిక్సీలో వేశాను.

ఈ దశలో మూడు ఇబ్బందులు వచ్చాయి.

మొదటిది, పొడి నేరుగా గిన్నెలో వేస్తే నలుసులు చున్నీకి అంటుకుని, అంటుకున్న చోటల్లా ముదురు చుక్కలు పడ్డాయి. ఇప్పుడు పొడిని ముందు వేడి నీళ్లలో గంట నానబెట్టి, పల్చటి బట్టతో వడగట్టి, ఆ రసమే వాడుతున్నాను.

రెండోది, గిన్నె కిక్కిరిసిపోవడం. మిక్స్ చొక్కా, లంగా పక్కన పెడితే మిగిలినవి 1,040 గ్రాములు. అవన్నీ 20 లీటర్ల గిన్నెలో ఒకేసారి పడితే మడతల లోపల పాలిపోయి, పైన ముదురుగా వచ్చింది. మళ్లీ రెండు వాయిలుగా, 470, 570 గ్రాములుగా విడదీసి, వేడి చేసి, గంటపాటు కలుపుతూనే ఉంటే చాలావరకు సర్దుకుంది. ఈ గిన్నెకు 500 గ్రాముల చుట్టుపక్కలే హద్దు అని పెట్టుకున్నాను.

మూడోది అన్నిటికంటే పెద్దది. కరక్కాయ నీళ్లలోంచి తీసిన కుర్తాను డాబా మీద ఇనప తీగ దండెం మీద ఆరేశాను. తీగకు అక్కడక్కడా తుప్పు ఉంది. సాయంత్రానికి వీపు మీద అడ్డంగా నల్లటి గీత. వగరూ ఇనుమూ కలిస్తే నలుపు పుడుతుంది, అది సబ్బుకు పోదు. నిమ్మరసం రుద్దితే కాస్త పలచబడిందే గానీ పోలేదు. అందుకని కుర్తాను పసుపు రంగు జాబితాలోంచి తీసి, ఇనుముతో ముదురు చేసే జాబితాలో చేర్చాను. దండేనికి ప్లాస్టిక్ తాడు కట్టాను. ఇనప హుక్కులు, సేఫ్టీ పిన్నులు, జిప్పులు ఉన్న బట్టలు వేసేటప్పుడు ముందే అవి తీసేయాలి.

పద్ధతి: వడగట్టిన రసాన్ని గిన్నెలో నీళ్లకు కలిపి, తడి బట్టను వేసి, 60 డిగ్రీల దగ్గర గంటపాటు కలపాలి. రాత్రంతా అందులోనే వదిలేయాలి. తీసి పిండి, జాడించకుండా నీడలో ఆరేయాలి.

*ఇప్పటిదాకా: కరక్కాయ 208 గ్రా. వాడకం, నమూనాలు వేరే. ఖర్చు రూ. 2,060.*

దశ 4: పటిక

100 గ్రాముల బట్టకు 15 గ్రాముల పటిక, 2 గ్రాముల బట్టల సోడా. చున్నీకి పటిక పెట్టలేదు, అది కరక్కాయ, ఇనుములతోనే బూడిద రంగుకు వెళ్తుంది. కాబట్టి వాయిలు 470, 450 గ్రాములు. పటిక 70, 68 గ్రాములు.

1. పటిక దంచి వేడి నీళ్లలో పూర్తిగా కరిగించాలి.
2. సోడాను వేరే గ్లాసులో కరిగించి, కొద్దికొద్దిగా పోయాలి. బుస్సుమని నురగ వస్తుంది. గిన్నె సగం కంటే ఎక్కువ నిండి ఉండకూడదు, పొంగుతుంది.
3. నురగ తగ్గాక మిగతా నీళ్లు పోసి, తడిపిన బట్ట వేసి, 50 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, రాత్రంతా వదిలేయాలి.
4. తేలిగ్గా ఒక్కసారే జాడించాలి.

వాడిన పటిక నీళ్లు పారబోయలేదు. సగం పటిక కలిపి ఒక నమూనా ముక్కకు అవే వాడితే తేడా కనబడలేదు.

*ఇప్పటిదాకా: పటిక 60. ఖర్చు రూ. 2,120.*

దశ 5: దానిమ్మ తొక్క, నీళ్ల సంగతి

జ్యూస్ బండి అతను తొక్కలు ఊరికే ఇచ్చాడు. తడి తొక్కలు 1,400 గ్రాములు ఎండాక 410 అయ్యాయి. బూజు పట్టినవి ఏరి పారేయాలి.

లంగా ముక్కకు మొదటి రంగు మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లతో చేశాను. ఆవపిండి రంగు రావాల్సింది మట్టి కొట్టుకున్న ఖాకీలా వచ్చింది. తొక్క పాతదా, పటిక చాలలేదా అని అన్నీ మార్చి చూసినా అదే ఖాకీ. ప్యూరిఫయర్ సర్వీసుకు వచ్చినతను మీటరు పెట్టి చూస్తే బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మోతాదు) 940, మున్సిపాలిటీ కుళాయి నీళ్లది 290. ఆ అంకె చూసినా నీళ్లలో ఏముందో తెలియదు. తెలిపింది కరక్కాయ పెట్టిన ముక్కే. దాని మీద ఒక చుక్క బోరు నీరు, ఒక చుక్క కుళాయి నీరు వేసి పావుగంట ఆగాను. బోరు చుక్క చుట్టూ బూడిద రంగు వలయం వచ్చింది. అంటే ఇనుము ఉంది. కుళాయి చుక్క దగ్గర ఏమీ లేదు.

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. బోరు నీళ్ల మీద ఆధారపడిన ఇళ్లలో ఇది చేయకుండా రంగు మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను. ఎంత మంచి తొక్క తెచ్చినా నీళ్లలో ఇనుముంటే లేత పసుపు రాదు. అప్పటి నుంచి సోడా ఉడుక్కి మాత్రమే బోరు నీళ్లు, చివరి జాడింపు నుంచి మొదలుపెట్టి అన్నిటికీ కుళాయి నీళ్లు.

పద్ధతి: బట్ట బరువులో సగం ఎండు తొక్క. ముక్కలు చేసి రాత్రి నానబెట్టి, గంట ఉడికించి, వడగట్టి, గోరువెచ్చగా అయ్యాక బట్ట వేయాలి. మెల్లగా 80 డిగ్రీలకు తీసుకెళ్లి గంటసేపు తిప్పుతూ ఉండాలి. ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. మరుగుతున్న రంగులో బట్ట వేస్తే ముందు తగిలిన చోట ముదురుగా పట్టేస్తుంది.

వాయి 1: కుర్తా, మీగడ చొక్కా, లాల్చీ కలిపి 560 గ్రా., తొక్క 280 గ్రా.
వాయి 2: లేత నీలం చొక్కా 210 గ్రా., తొక్క 105 గ్రా.

మీగడ చొక్కా, లాల్చీ నిండైన ఆవపిండి పసుపులో వచ్చాయి. కుట్లు మాత్రం తెల్లగానే మిగిలాయి, దారం పాలిస్టర్. రెడీమేడ్ బట్టల్లో ఇది దాదాపు తప్పదు. నాకది నచ్చింది, కావాలని చేసిన డిజైన్‌లా ఉంది. నచ్చనివాళ్లు ముందే చూసుకుని కాటన్ దారంతో కుట్టినవి ఏరుకోవాలి.

లేత నీలం చొక్కా మీద పసుపు పడి ఆకుపచ్చ అయింది. చాలా అందంగా ఉంది. కానీ కాలరు మడత దగ్గర నీలం ముందే వెలిసిపోయి ఉంది, అక్కడ పచ్చలో పసుపు ఛాయ ఎక్కువ. పైన వేసే రంగు కింది రంగులోని హెచ్చుతగ్గుల్ని కప్పదు, అలాగే చూపిస్తుంది. వెలిసిన చోట్లు ఎక్కువున్న బట్టకు ముదురు రంగే మేలు.

మిక్స్ చొక్కాను విడిగా, ఇదే పద్ధతిలో, మిగిలిన రంగు నీళ్లలో వేశాను. కాటన్ పోగు పట్టింది, పాలిస్టర్ పోగు పట్టలేదు. మొత్తానికి పాలిపోయిన మీగడ రంగు. వేసుకోవడానికి బాగాలేదు, సంచి కుట్టించాను.

*ఇప్పటిదాకా: తొక్క 385 గ్రా., ఖర్చు లేదు. మొత్తం రూ. 2,120.*

దశ 6: అన్నభేది

పెడన అద్దకంలో నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి కసిమి చేస్తారు. అది పులియడానికి వారాలు పడుతుంది, అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆ వాసన కష్టం. నేను మూలికల కొట్లో దొరికే అన్నభేది వాడాను. 100 గ్రాములు 40 రూపాయలు. పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, పై అరలో తాళం వేసి పెట్టాలి. చేతికి గ్లౌజులు, విడిగా ఒక ప్లాస్టిక్ బకెట్. ఈ బకెట్లో తడిసిన కర్ర కూడా పసుపు రంగు గిన్నెలోకి వెళ్లకూడదు.

కొలత దగ్గర చిక్కు వచ్చింది. చున్నీకి 2 శాతం అంటే 2.4 గ్రాములు. వంటింటి త్రాసు గ్రాముకు తక్కువ చూపించదు. అందుకని 10 గ్రాముల అన్నభేదిని లీటరు నీళ్లలో కరిగించాను. ఇప్పుడు 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము. చున్నీకి 240 మి.లీ., కుర్తాకు 520 మి.లీ. ఈ నీళ్లు ఏరోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే గోధుమ రంగు తుప్పుగా మారిపోతాయి.

నమూనాలు: 1 శాతం లేత బూడిద, 2 శాతం ముదురు బూడిద, 4 శాతం కూడా దాదాపు అదే రంగు, కానీ బట్ట గరుగ్గా అయింది. కొన్ని వారాలు డాబా మీద ఎండకు ఉంచి లాగితే 4 శాతం ముక్క చిరిగింది, 2 శాతం ముక్క చిరగలేదు. ఇనుము ఎక్కువైతే కాటన్ పోగు బలం పోతుంది. పాత బట్ట అసలే అరిగి ఉంటుంది. 2 శాతం దాటొద్దు.

గోరువెచ్చని నీళ్లలో అన్నభేది నీళ్లు కలిపి, తడి బట్ట వేసి, ఆపకుండా తిప్పుతూ పది నిమిషాలు. రంగు కళ్లముందే తిరుగుతుంది. వెంటనే బాగా జాడించాలి. చున్నీ మబ్బు పట్టిన బూడిద రంగులో వచ్చింది. కరక్కాయ నలుసుల చుక్కలు ఉన్నాయి, దగ్గరగా చూస్తేనే తెలుస్తాయి. దానిమ్మ పసుపు మీద ఇనుము పడిన కుర్తా ముదురు పాచి రంగు. తీగ గీత వెలుతురుకు పట్టి వెతికితే తప్ప కనబడటం లేదు.

*ఇప్పటిదాకా: అన్నభేది 40. ఖర్చు రూ. 2,160.*

దశ 7: మంజిష్ఠ

దిండు గలీబులకు మాత్రమే. 150 గ్రాములకు 75 గ్రాముల మంజిష్ఠ (ఎరుపు రంగునిచ్చే వేరు) పొడి, రాత్రి నానబెట్టి వడగట్టింది. నమూనా ముక్కలో వేడి 90 దాటింది, ఇటుక గోధుమ రంగు వచ్చింది. ఇంకో ముక్కను 65 దగ్గర గంటన్నర ఉంచితే మంచి ఎరుపు. గలీబులు ఆ లెక్కనే చేశాను. థర్మామీటర్ ధర ఈ ఒక్క దశలోనే తిరిగొచ్చింది.

*ఇప్పటిదాకా: మంజిష్ఠ 200 గ్రా. 160. మొదట్లో, ఇప్పుడు సిలిండర్ తూచిన తేడా 2.3 కిలోలు, దాని విలువ సుమారు 150. మొత్తం రూ. 2,470. ఇందులో సామాను 1,500 మళ్లీ కొననక్కర్లేదు.*

దశ 8: ఉతుకు, ఎండ, పులుపు

ప్రతి రంగు నుంచి ఒక ముక్క తీసుకుని, సగానికి అట్ట కప్పి డాబా మీద పెట్టాను. పోల్చడానికి వంటింటి పసుపు నీళ్లలో ముంచిన ముక్క కూడా. పసుపు ముక్క ముందుగా తెల్లబడింది. దానిమ్మ కొంచెం తగ్గింది, అట్ట తీస్తే గీత తెలుస్తుంది. కరక్కాయ ఇనుము, మంజిష్ఠల్లో గీత దాదాపు లేదు.

ఉతుకులో: మొదటి రెండుసార్లు దానిమ్మ పసుపు నీళ్లలోకి కాస్త దిగింది, తర్వాత ఆగింది. తెల్లబట్టలతో కలపకూడదు. ఘాటైన డిటర్జెంట్‌లో మంజిష్ఠ ఎరుపు కాస్త ఊదా వైపు తిరిగింది, కుంకుడు రసంలో మారలేదు. ఈ బట్టలన్నిటికీ ఇప్పుడు కుంకుడు రసమే.

పులుపు దగ్గర బూడిద చున్నీ బలహీనం. నమూనా ముక్క మీద నిమ్మరసం చుక్క వేస్తే అక్కడ ఇనుము కరిగి తెల్లటి మచ్చ పడింది. అన్నభేది నీళ్లు దూదితో అద్దితే రంగు చాలావరకు తిరిగొచ్చింది. భోజనాల దగ్గర వేసుకునే బట్టలకు ఇనుము రంగు వేయకపోవడం మంచిది. చెమట ఎక్కువ పట్టే చోట్ల ఏమవుతుందో వేసవి మొత్తం కుర్తా వాడాక ఇక్కడ రాస్తాను.

తర్వాతి వాయికి మార్పులు:

1. కరక్కాయ నుంచి చివరి దాకా ఏ వాయీ 500 గ్రాములు దాటదు.
2. సోడా ఉడుకు అయ్యాక నీటి చుక్క పరీక్ష భుజం, చంక, కాలరు దగ్గర విడివిడిగా. చుక్క ఇంకని చోటు ఒక్కటున్నా మళ్లీ ఉడుకు.
3. రెండు బట్టలకు దానిమ్మ పసుపు రంగు వేశాక సున్నం, బెల్లంతో కట్టిన నీలిమందు తొట్టిలో ముంచి ఆకుపచ్చ ప్రయత్నం. వెలిసిన నీలం మీద వచ్చిన పచ్చ కంటే అది సమంగా వస్తుందని నా అంచనా. నీలిమందు 50 గ్రాములు తెచ్చి పెట్టాను, తొట్టి కోసం మూత ఉన్న పాత పెయింట్ డబ్బా కడిగి ఆరబెట్టాను.